ఇంపాలా కొంటానన్న మనిషి

భర్త ఎలా చనిపోయాడో కనుక్కోమని నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళున్నారు. భర్త ఎవరితో తిరుగుతున్నాడో కనుక్కోమని వచ్చినవాళ్ళు అంతకు పదింతలు. చనిపోయిన భర్త ఎవరితో తిరిగాడో కనుక్కోమని వచ్చింది మాత్రం కృపమ్మ ఒక్కతే.

"గుండె ఆగి పోయిండని పోలీసోళ్ళు చెప్పిన్రు. దవఖానల గూడ గదే చెప్పిన్రు. నేను గాదంటలేను మేడం," అంది, దూలపల్లిలో తన ఇంటి పక్కనున్న రేకుల షెడ్డు తాళం తీస్తూ. "ఎట్ల పోయిండో నాకొద్దు. పోయేటప్పుడు పక్కన ఎవరున్నరో గది చెప్పు. గంతే."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా మొహం చూడలేదు. తాళంచెవి చేతిలోంచి రెండుసార్లు జారింది. చివరికి నేనే అందుకుని తీశాను.

నా పేరు శేషారత్నం. హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా పోలీసు ఉద్యోగానికి దండం పెట్టి, కొంపల్లిలో ఒక ఫోటో స్టూడియో మేడమీద డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నాను. వచ్చే పనుల్లో ముప్పాతిక పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలే. కుర్రాడు తాగుతాడా, అమ్మాయికి పాత కథ ఏమైనా ఉందా, కాబోయే అత్తగారి నోరెలాంటిది. అందరి గుట్లూ తెలిసినదాన్ని కాబట్టి పెళ్ళి భోజనానికి మాత్రం ఎవరూ పిలవరు.

షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఆ కారే ఉంది. పాలపిట్ట రంగు ఇంపాలా. ముందు అద్దానికి లోపలినుంచి 'అమ్మబడును' అని రాసిన అట్టముక్క ఇంకా ఆనించే ఉంది.

కృపమ్మ భర్త ఎలీషా ఒకప్పుడు జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ యజమాని దగ్గర డ్రైవరు. ఫ్యాక్టరీ మూతపడి యజమాని ఊరొదిలి పోతూ ఈ కారును అతని చేతిలో పెట్టాడు. అప్పటినుంచి దూలపల్లి, కొంపల్లి, కుత్బుల్లాపూర్ చర్చిల్లో ఏ పెళ్ళి జరిగినా పెళ్ళికూతురు ఈ కారులోంచే దిగాలి. ఎలీషా సంఘ పెద్ద కూడా. ఆదివారం ఆరాధనలో ముందు వరసలో కూర్చునే మనిషి. మూడు వారాల కింద శామీర్‌పేట చెరువు కట్ట మీద, ఈ కారు డ్రైవరు సీట్లోనే ప్రాణం వదిలాడని పోలీసులు చెప్పారు.

"కారు అమ్ముతున్నానని మీతో ఎప్పుడు చెప్పారు?"

"చెప్పలే. ఫోన్ల ఫోటో పెట్టిండు. పక్కింటామె చూపిస్తే ఎర్కైంది. బిడ్డ లెక్క తుడిసేటోడు మేడం గీ కారును. గసుంటిది, నాకు చెప్పకుండ అమ్మకానికి పెట్టిండు."

"ఆ రోజు ఎక్కడికి వెళ్తున్నానన్నారు?"

"శామీర్‌పేట దిక్కు ఎవరో కొంటన్నరంట. చూపెట్టి వస్త అన్నడు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తెల్లంగి ఏసిండు. గడ్డం గీస్కుండు. అద్దంల రెండుమార్లు చూస్కుండు. పానమసుంటి కారు అమ్మనీకి పోయేటోని మొకమా గది? పెండ్లికి పోయే మొకం."

అనుమానానికి అది చాలదు. ఆమె దగ్గర ఇంకా ఉన్నాయి. పోలీసులు కారు తిరిగి ఇచ్చాక తుడుద్దామని వెనక తలుపు తీస్తే సీటు సందులో పచ్చ గాజు ముక్క దొరికింది, వాడిపోయిన మల్లెలు దొరికాయి. వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళు పూలు పెట్టరు, గాజులు వెయ్యరు. అంటే ఎక్కింది బయటి మనిషి.

"గింకొకటి ఉన్నది," అంటూ షెడ్డు మూలన మేకుకు వేలాడుతున్న ప్లాస్టిక్ కవరు చూపించింది. దాన్ని తను ముట్టుకోలేదు.

కవరు విప్పి చూశాను. నిమ్మకాయ. ఎండి గట్టిపడింది, తొక్క మీద కుంకుమ ఇంకా ఉంది.

"ఆయన అంగీ జేబుల ఉండె. దవఖానల బట్టలిచ్చినప్పుడు అందరి ముంగట కింద పడ్డది." ఆమె కవరుకు రెండడుగులు దూరం జరిగింది. "సంగపోళ్ళందరు చూసిన్రు. చేతబడి అన్నరు. ఎలీషన్న మంత్రాలోళ్ళ దగ్గరికి పోతున్నడంట అన్నరు. పాస్టరయ్య మట్టికాడ రెండు ముక్కలు ప్రార్థన చేసి ఎల్లిపోయిండు. ప్రసాదం పెడితే గూడ ముట్టని మనిషి మేడం ఆయన. ఎవరో ఆడామె మందు పెట్టి, మాయ చేసి తీస్కపోయింది. గామె ఎవరో నాకు తెల్వాలె."

ఇంట్లోకి తెచ్చుకోవాలంటే భయం, పారేయాలంటే మనసొప్పదు. అందుకే మూడు వారాలుగా ఆ నిమ్మకాయ అక్కడే ఉంది. నా ఉద్యోగంలో చాలా ఏడుపులు చూశాను కానీ, భర్త పోయాడని ఏడవడానికి కూడా వీల్లేకుండా పోయిన మనిషిని చూడటం అదే మొదలు. నాకు చాలా బాధేసింది.

కారు చుట్టూ తిరిగాను. బానెట్ పైన ఎవరో శుభ్రంగానే తుడిచారు. కానీ ముందున్న వెండిరంగు కమ్మీల సందుల్లో గోరు పెట్టి గీస్తే పసుపు, కుంకుమ వచ్చాయి. స్టీరింగ్ కింద, కంటికి కనబడని చోట ఎర్రదారం ముడి. ఎవరో ఈ కారుకు పూజ చేయించారు. మాయ చేసి మనిషిని లాక్కుపోయే ఆడది కారుకు పూజెందుకు చేయిస్తుంది?

వెనక సీటు చూశాను. మల్లెలన్నీ సరిగ్గా నడిమధ్యన రాలాయి. నా అనుభవంలో, గుట్టుగా తిరిగే ఆడవాళ్ళు ముందు సీట్లో, మగవాడి పక్కన కూర్చుంటారు. వెనక సీటు మధ్యలో పూలు పెట్టుకుని కూర్చునేది ఒక్కతే. పెళ్ళికూతురు.

ఆ ముక్క కృపమ్మతో అనలేదు. వేరే ప్రశ్న అడిగాను.

"మీకు పిల్లలెంతమంది?"

"లేరు."

"ఒక్కరూ లేరా?"

"ఒకడుండె. ఫిన్నీ. నాకు సచ్చిండు." అని గబగబా చెప్పేసింది. "మేడ్చల్ జనార్ధన్ పటేల్ బిడ్డను లేవదీస్కపోయి, ఆఫీసుల సంతకాలు పెట్టి పెండ్లి చేస్కుండు. నిరుడు. సంగంల పేరు కొట్టేసిన్రు. నేనే లేచి నిలబడి, నాకు కొడుకు లేడని అందరి ముంగట చెప్పిన. కన్నతండ్రి పోతే మట్టికి గూడ రాలే వాడు. నేనన్నది నిజమే అయ్యింది."

బయట హారన్ మోగింది. తెల్ల ఇన్నోవాలోంచి దిగి లోపలికి వచ్చిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. కృష్ణారావు. డీఎస్పీగా రిటైరై, నగరంలో అద్దాల గదుల్లో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాడు. నేను ఆయన కింద చేసిన రోజుల్లో ఎండలో తిరగడం నా వంతు, విలేఖర్లతో మాట్లాడటం ఆయన వంతు.

"నువ్వా రత్నం! ఇంకా పెళ్ళికొడుకుల వెనకే తిరుగుతున్నావా?"

"మీరు పాత సామాన్ల బేరంలోకి దిగారని తెలీదు సార్."

"యాడ్ చూశాను. పాత బండ్లంటే నాకు పిచ్చి," అన్నాడు కృపమ్మకు నమస్కారం పెడుతూ. "కొందామని వచ్చానమ్మా."

ఆ పిచ్చి ఎంతో నిమిషంలో తేలిపోయింది. ముందు కుడి తలుపు తీసి దర్జాగా కూర్చుని రెండు చేతులూ ముందుకు చాచాడు. అక్కడ స్టీరింగ్ లేదు.

"అటు సార్," అన్నాను. "అమెరికా బండి. దీనికి డ్రైవరు కూర్చునేది ఎడమ పక్క. పిచ్చి ఈ మధ్యే పట్టినట్టుంది."

ఆయన నవ్వాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. దిగి, కృపమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, బండి నా పేరు మీదికి మారాలంటే వారసుల సంతకాలు కావాలి. మీ అబ్బాయి ఎక్కడుంటున్నాడు? నేనే వెళ్ళి పెట్టించుకుంటాను."

"నాకెర్కలే," అంది కృపమ్మ.

"ఫోన్ నంబరైనా?"

నాకు ఒళ్ళు మండింది. "ఇంజన్ ఎలా ఉందని అడగలేదు. టైర్లు చూడలేదు. ఆఖరికి ధర కూడా అడగలేదు. కొడుకెక్కడ అని మాత్రం రెండుసార్లు అడిగారు. పంపింది జనార్ధన్ పటేలేనా?"

"కూతురు తప్పిపోయిన తండ్రి పంపితే తప్పా?"

"పెళ్ళి చేసుకున్న పిల్ల తప్పిపోదు సార్, వెళ్ళిపోతుంది. పైగా పంపింది తండ్రో, అన్నో. పెళ్ళినాడు రిజిస్ట్రారు ఆఫీసు ముందు ఆ అన్న అన్వేష్ కత్తి పట్టుకుని తిరిగాడని మేడ్చల్లో చంటిపిల్లాడికి కూడా తెలుసు. వాడి చేతికి అప్పజెప్పాక ఆ పిల్ల, అశ్రిత, ఏమవుతుందో మీకు తెలీదా?"

"వెతికి చూపించడం వరకే నా పని. తర్వాత వాళ్ళ ఇంట్లో ఏం జరుగుతుందో చూడటానికి నాకెవరూ ఫీజివ్వరు."

అంతలో ఆయన ఫోన్ మోగింది. విని, "దొరికిందా? సరే, ఆయనకు చెప్పెయ్. నేనూ వస్తున్నా," అన్నాడు. మొహం వెలిగిపోయింది. కారు కొనే సంగతి అంతటితో మరిచిపోయాడు. గుమ్మం దగ్గర ఆగి నా వైపు చూశాడు.

"నువ్వు బాగానే వెతుకుతావు రత్నం. కాకపోతే ఎప్పుడూ ఒక రోజు ఆలస్యం."

ఆ మాట నన్ను ముల్లులా గుచ్చింది. ఏం దొరికిందో తెలీదు. కానీ ఈ కారు చివరిసారి ఎక్కడ ఆగిందో అక్కడికి ఆయన నాకంటే ముందే వెళ్ళొచ్చాడని అర్థమైంది. నా పాత ఆల్టో తాళాలు తీశాను.

"నేను గూడ వస్త," అంది కృపమ్మ. "ఆయన పోయిన జాగ నేను సూడలే. సంగపోళ్ళు పోవద్దన్నరు."

వద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

శామీర్‌పేట కట్ట మీద కట్టమైసమ్మ గుడి దగ్గర బండ్లు బారుగా ఆగి ఉన్నాయి. కొత్త బండి కొన్నవాళ్ళు అక్కడికి వచ్చి పూజ చేయించుకుంటారు. గుడి ఎదురుగా కొబ్బరికాయలు, నిమ్మకాయలు అమ్మేది మల్లేశం. ఎలీషాను కారులోంచి దించింది, పోలీసులకు సాక్ష్యం చెప్పింది అతనే. కృపమ్మను ఆల్టోలోనే ఉండమని చెప్పి వెళ్ళాను. ఆమె నా వెనకే దిగి వచ్చింది.

"మళ్ళ గదేనా మేడం," అన్నాడు మల్లేశం విసుగ్గా. "ఎన్నిసార్లు చెప్పాలె? ఆయనొక్కడే వచ్చిండు. తనే నడుపుకుంట వచ్చిండు. సడెన్‌గ ఛాతి పట్టుకుండు. నేను ఉరికి తలుపు తీసి దించిన, నీడకు పండబెట్టి గుండె మీద వత్తిన. అంబులెన్స్ వచ్చేలోపల అయిపోయింది."

"ఏ తలుపు తీశావు?"

"డ్రైవర్ తలుపు."

"కుడి పక్కదా, ఎడమ పక్కదా?"

"కుడి పక్కదే. డ్రైవర్ ఏ పక్క కూసుంటడు మేడం?" అని నవ్వాడు.

"పోలీసులు వచ్చేసరికి ఆయన నీడలో పడుకుని ఉన్నాడు. నువ్వు డ్రైవరు తలుపన్నావు, వాళ్ళు డ్రైవరు సీటనుకున్నారు. ఆ కారుకు కుడి పక్క స్టీరింగే లేదు మల్లేశం. కుడి పక్క కూర్చున్న మనిషి దాన్ని నడపలేడు. నడిపినవాడు ఎడమ పక్క ఉన్నాడు. వాడెవడు?"

అతని చేతిలో కొబ్బరికాయ అలాగే ఉండిపోయింది. కొట్టబోతున్న కత్తి పక్కన పెట్టాడు.

"వెనక సీట్లో ఒక అమ్మాయి కూడా ఉంది. పచ్చగాజులు, మల్లెపూలు. ఎందుకు దాచావు?"

అతను నా వెనక నిలబడ్డ కృపమ్మను చూశాడు. "గీ అమ్మ ఎవరు?"

"పోయినాయన భార్య."

మల్లేశం తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. "అమ్మా, నేను మాటిచ్చిన. గా పోరి ఏడ్సుకుంట చేతులు పట్టుకుంది. మేమున్నమని ఎవ్వరికి చెప్పకన్నా అన్నది."

"పోరినా?" అంది కృపమ్మ. "ఎంత వయసుంటది?"

"ఇరవై రెండో మూడో."

కృపమ్మ అక్కడున్న రాతి మీద కూలబడింది. "నా కొడుకు ఈడు పిల్ల. దేవా, గిదా నాకు సూపిచ్చేది," అని రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"అయ్యో గట్లనకమ్మా, పాపం తల్గుతది," అని మల్లేశం కంగారుగా ముందుకు వచ్చాడు. "గా పిల్ల ఆయనను మామా మామా అని పిలిచింది. కడుపుతోటి ఉన్నది. కారు నడిపిన పిలగాడు ఆయనను నాయినా అన్నడు."

కృపమ్మ తలెత్తింది. నాకు తెలుసు, షెడ్డులో మల్లెలు చూసినప్పుడే సగం తెలుసు. అయినా ఆమె మొహం చూడలేక చెరువు వైపు తిరిగాను.

"చెప్పు," అన్నాను మల్లేశంతో. "ఏదీ విడవకుండా చెప్పు."

"గా పిల్లకు కారుకు పూజ చేయియ్యాలని ఉండె. మామా, మీకు ఇష్టం లేకుంటే వద్దన్నది. ఆయన ఏం మాట్లాడలే. నా దగ్గరికొచ్చి తనే నిమ్మకాయలు కొన్నడు. పూజారి ఎవరి పేరు మీద అంటే, నా కోడలు పేరు మీద అన్నడు. నిమ్మకాయలు తనే టైర్ల కింద పెట్టిండు. పాపం ఎన్నడు పెట్టినోడు గాదు. టైర్లకు ముంగట పెట్టాలె గద, ఎన్క పెట్టిండు. ఎన్క పెడితే ఎట్ల నలుగుతయి మామా అని గా పిల్ల ఒకటే నవ్వుడు. ఆయన గూడ నవ్వుకుంట మళ్ళ వంగి ముంగటికి పెట్టిండు."

ప్రసాదం కూడా ముట్టని సంఘ పెద్ద, కోడలు నవ్వుతుంటే రెండుసార్లు వంగి నిమ్మకాయలు పెట్టాడు.

"జేబులో నిమ్మకాయ?" అన్నాను.

"కడుపుతో ఉన్నదని పూజారి అమ్మ పాదాల కాడి నిమ్మకాయ గా పిల్లకిచ్చిండు. నాకు మీరున్నరు గద మామా, ఇది మీరే పెట్టుకోన్రి, మీకు మంచిగుంటది అని ఆయన చేతిల పెట్టింది. ఆయన జరసేపు చేతిల పట్టుకొని చూసిండు. ఇగ జేబుల ఏస్కుండు."

చేతబడి అన్నారు దాన్ని. మూడు వారాలు మేకుకు వేలాడదీశారు. కృపమ్మకు ఏడుపు రాలేదు. కొంగు గుప్పిట్లో నలుపుతూ ఉండిపోయింది. ఆ క్షణంలో ఆమెకు భర్త తిరిగి దక్కాడు. దక్కాడు కాబట్టి మొదటిసారి నిజంగా పోయాడు.

"మరి ఆయన్ని వదిలి ఎందుకు వెళ్ళారు?"

"కారు కదిలింది, గజం దూరం పోలే, ఛాతి పట్టుకుండు. గా పిల్ల నా ఫోన్ తోనే నూటెనిమిదికి చేసింది. జనం పోగైన్రు. అండ్ల ఒకడు పిల్లను గుర్తువట్టిండు. గీమె మేడ్చల్ పటేల్ బిడ్డ గద అన్కుంట ఎవరికో ఫోన్ జేస్తున్నడు. ముసలాయన విన్నడు. ఊపిరాడుతలేదు, అయినా కొడుకు అంగీ పట్టుకొని, పిల్లను తీస్కపో, నాకేం గాదు, పో అన్నడు. పిలగాడు పోలే. పోతవా లేదా అని తిట్టిండు. నా నంబరిచ్చి ఆటోల ఎక్కిచ్చింది నేనే."

"తర్వాత వాళ్ళ కబురేమైనా?"

"తెల్లారి గా పిల్లే ఫోన్ జేసింది, మామ ఎట్లున్నడని. నేనే చెప్పిన." అతను కళ్ళు తుడుచుకున్నాడు. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు మొహం మారింది. "మేడం, నిన్న ఒక పెద్దసారు వచ్చిండు. తెల్ల ఇన్నోవా. పోలీసునన్నడు. నేనేం చెప్పలే, ఒట్టు. కానీ నా ఫోన్ గుంజుకొని అంత చూసిండు."

'దొరికిందా?' అన్న కృష్ణారావు మాట నాకు అప్పుడు అర్థమైంది. నిన్న దొరికింది నంబరు. ఇవాళ దొరికింది ఇల్లు.

"ఫోన్ ఇటివ్వు," అని అందుకుని మల్లేశం చూపించిన నంబరుకు స్పీకరు పెట్టి కలిపాను. ఒక చేత్తో కృపమ్మను లేపి ఆల్టో వైపు లాగాను.

"మల్లేశమన్నా?" అంది అవతలి గొంతు.

"అశ్రితా, నేను మీ మామగారి ఇంటి తరఫు మనిషిని. భయపడకు. మీ అన్నకు నీ ఇల్లు తెలిసిపోయింది. నువ్వెక్కడున్నావు? ఒక్కదానివేనా?"

ఫోన్ పెట్టేయబోతోందని తెలుస్తూనే ఉంది. ఇలాంటి ఫోన్‌లకు భయపడే కదా ఆ పిల్ల ఇన్నాళ్ళు బతికింది.

కృపమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. లాక్కుంది కానీ ఏమని పిలవాలో తెలీలేదు. చివరికి, "కారు కొంటనని ఫోన్ జేసింది ఎవరు బిడ్డా?" అని అడిగింది.

"అత్తమ్మనా?" అని వినబడింది.

"ఊఁ."

"ఫిన్నీనే అత్తమ్మా. అమ్ముతున్నట్టు ఫోటో చూసి మస్తు ఏడ్సిండు. అమ్మొద్దు నాయినా, నేను కొంట అన్నడు. నువ్వు చూడాలనే పెట్టిన ఫోటో, నీ దగ్గర ఏమున్నదిరా కొననీకి, నీ పెండ్లానికి పూలు పెట్టి తోల్కరా, నా కారుల కూసోబెట్టుకొని ఇంటికి తీస్కపోత అన్నడు మామ. ఊరోళ్ళ పెండ్లిండ్లన్నిటికి పోయింది, నా ఇంటి పెండ్లికే పోలే నా కారు అన్నడు. ఆ దినం మీ దగ్గరికే వస్తుంటిమి అత్తమ్మా."

అప్పటికి నేను ఆల్టో తిప్పాను. "ఎక్కడున్నావో అడగండి," అని అరిచాను.

"యాడున్నవు బిడ్డా? జల్దీ చెప్పు."

అలియాబాద్ చౌరస్తా దాటాక, కోళ్ళ షెడ్డు వెనక గది. చుట్టుపక్కల ఇళ్ళు లేవు. ఫిన్నీ డ్యూటీలో ఉన్నాడు. తలుపు గడియ వేసుకుని లోపలే ఉండమని కృపమ్మ చేత చెప్పించాను. కట్ట దిగి అలియాబాద్ రోడ్డెక్కాక ఆ ముసలి ఆల్టోను ఎప్పుడూ తొక్కనంత తొక్కాను. ఇంటి నుంచి అదనంగా ఒక్క మనిషినైనా తోడు తెచ్చుకోని నా తెలివిని నోరారా తిట్టుకున్నాను.

"వాడు మట్టికి ఎందుకు రాలే?" కృపమ్మ ఫోన్‌లో అడుగుతోంది. ప్రమాదం ముంచుకొస్తున్నా ఆ తల్లికి అదే ముఖ్యం.

"వచ్చిండత్తమ్మా. గేటు బయట, హెల్మెట్ తియ్యకుండ నిలబడ్డడు. లోపలికి వస్తే అందరి ముంగట మీరు మళ్ళ కాదంటరని..." అని ఆ పిల్ల ఆగిపోయింది.

కృపమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. మూడు వారాలు దాచుకున్నదంతా, కడుపులోంచి తన్నుకొచ్చినట్టు ఏడ్చింది. నేను ఆపలేదు.

ఫోన్‌లోంచి బండి ఆగిన చప్పుడు. తర్వాత తలుపు మీద దెబ్బలు. ఒక మగ గొంతు, మెత్తగా, "చెల్లే, తలుపు తియ్యి. బాపు వచ్చిండు. నీ మీద కోపం లేదంటున్నడు."

"అత్తమ్మా," అశ్రిత గొంతు గుసగుసగా మారింది. "బాపు వచ్చిండంట. మామ లెక్కనే మా బాపు గూడ మనసు మార్చుకుండేమో. తియ్యనా?"

కృపమ్మ ఏడుపు ఆపేసింది.

"తియ్యకు. బాపు వస్తే బాపే పిలుస్తడు, ఇంకొకలతోని పిలిపియ్యడు. మంచం తెచ్చి తలుపుకు అడ్డం పెట్టు. నేను వస్తున్న."

కోళ్ళ షెడ్డు పక్క సందు మొదట్లో తెల్ల ఇన్నోవా అడ్డంగా నిలబెట్టి ఉంది. దానికి ఆనుకుని కృష్ణారావు. సందు చివర ఒక నల్ల జీపు, రేకుల కప్పు గది, తలుపు ముందు ముగ్గురు. వాళ్ళలో ముసలివాడెవడూ లేడు. నేను ఆల్టో ఆపకముందే కృపమ్మ దిగింది.

"ఆగండి," అని కృష్ణారావు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది వాళ్ళ కుటుంబ వ్యవహారం. బయటివాళ్ళు పోవద్దు."

"గందుకే వచ్చిన," అంది కృపమ్మ. "లోపలున్నది నా కోడలు."

ఆయన చేతిని తోసేసి, చెప్పులు జారిపోతున్నా ఆగకుండా, సందులోకి నడిచింది. నేను ఆమె వెనక పరుగెత్తాను. మేము సగం దూరం వెళ్ళేసరికి తలుపు విరిగింది. కృష్ణారావు అన్నట్టే, నేను మళ్ళీ ఆలస్యమయ్యాను.